ఖరగ్‌పూర్‌లో ఠంగుమనిపించి వచ్చాను

ఖరగ్‌పూర్ చూసొచ్చానని చెబితే మా వీధిలో మొదట నవ్వినవాడు కిరాణా కొట్టు సూరిబాబు. "సూపు లేనోడివి, ఏటి సూసినావురా అక్కడ?" అన్నాడు. అక్కడి ప్లాట్‌ఫారం ఎంత పొడవో అందరూ ఎక్కడో చదివి చెబుతారు. నేను చేతికర్రతో తట్టుకుంటూ నడిచి చెబుతున్నాను: మధ్యలో ఒకసారి ఆగి టీ తాగాలి. సూరిబాబు ఈ జన్మలో అంత దూరం నడవడు కాబట్టి వాడికంటే నేనే ఎక్కువ చూసినట్టు లెక్క.

నాకు పద్నాలుగో ఏటికి చూపు పూర్తిగా పోయింది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందన్నా తప్పులేదు. ఇప్పుడు నలభై ఒకటి. విజయనగరం వీధుల్లో ఆటోకి మైకు కట్టుకుని "రండమ్మా రండి, ఒక చీర కొంటే ఇంకో చీర" అని అరిచే గొంతు నాదే. ఊరందర్నీ అంగళ్ళకి పిలిచి పిలిచి, ఈ మధ్య నన్ను నేనే చదువుకి పిలుచుకున్నాను. ఇంటి దగ్గర చదువుకుని రాసే పదో తరగతి పరీక్షకి కట్టాను. ఈ ప్రయాణం దాని కోసమే.

బయల్దేరక ముందు: బటన్, బటన్, బటన్

పాఠాలన్నీ ఉచితంగా పెట్టిన వెబ్‌సైట్ ఒకటుంది, చదువులపెట్టె. దాన్ని తయారుచేసేది కంపెనీ కాదు, ఖరగ్‌పూర్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు. లోపలి కోడ్ అంతా బయటే పెడతారు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా చెయ్యి వేసి బాగుచెయ్యొచ్చు. గోడల్లేని వంటగది అనుకోండి.

నా ఫోన్‌లో ఒక గొంతుంటుంది. తెర మీద ఏముందో చదివి వినిపిస్తుంది. నేను మేడమ్ అంటాను. ఆరు నెలలు మేడమ్ చదివింది, నేను విన్నాను. సాంఘికశాస్త్రం సగం అయ్యేసరికి పిల్లలు సైటుకి కొత్త రంగులు వేసి, మాటలున్నచోటల్లా బొమ్మలు పెట్టారు. చూడ్డానికి పెళ్ళికూతురులా ఉందట. ఆ బొమ్మలకి పేర్లు రాయలేదు, దాంతో మేడమ్‌కి నోరు పడిపోయింది. "బటన్" అంటుంది. పక్కకి జరిగితే మళ్ళీ "బటన్". పెళ్ళింట్లో పదిమంది బావలున్నప్పుడు "బావా" అని పిలిచినట్టుంది, ఎవరు పలుకుతారో తెలీదు. ఒకటి నొక్కితే బయటికి గెంటేసింది. ఇంకొకటి నొక్కితే నేను గొంతుతో రాసుకున్న నోట్సంతా తుడిచేసింది. పరీక్షకి అయిదు వారాలుంది.

మూడు మెయిళ్ళు పెట్టాను. ఫలానా పేజీలో ఫిర్యాదు నమోదు చెయ్యండని మర్యాదగా జవాబొచ్చింది. ఆ పేజీలో నేను మనిషినని రుజువు చేసుకోవాలట, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఎంచమంది. మా ఊళ్ళో కళ్ళున్న ఆటోవాళ్ళకే ట్రాఫిక్ లైట్లు కనబడవు, నాకెక్కడ కనబడతాయి?

"నానే ఎల్తాను," అన్నాను మా ఆవిడ రమణమ్మతో.

"మెయిలుకే పలకనోళ్ళు మనిసికి పలుకుతారేటి?"

"మెయిల్ని తుడిసేత్తారే. నన్నెలా తుడిసేత్తారు? డెబ్భై కేజీలున్నాను."

కటక్ దాటాక డాక్టర్నయ్యాను

రైల్లో కిటికీ పక్క సీటు నాకు దండగ అనుకుంటారు గానీ, ఊళ్ళన్నీ చెవిలోంచే దిగుతాయి. పలాసలో జీడిపప్పు అమ్మే గొంతు మనదే. బరంపురం దాటితే అదే "చాయ్" కాస్త సాగుతుంది. బాలేశ్వర్ వచ్చేసరికి ఆవనూనె ఘాటుతో ఝాల్‌ముడి ఎక్కింది. ఇరవై రూపాయల పొట్లం. మన ముంత మసాలాకి పెద్దక్క, కాకపోతే ముక్కు మీద కోపం ఎక్కువ.

కటక్‌లో ఒక బెంగాలీ ముసలావిడ ఎక్కి నా ఎదుట కూర్చుంది. నా కర్ర చూసి జాలిపడి, హిందీలో "కంటి ఆపరేషన్‌కా బాబూ?" అంది. నా హిందీ మైకులో పాటలేసి నేర్చుకున్నది. అప్పటికే ముగ్గురు అదే అడిగారు. గుడ్డివాడు ఒంటరిగా రైలెక్కితే అయితే ఆసుపత్రికి, లేకపోతే తీర్థానికి అని మన దేశంలో రూలు.

"కాదమ్మా. ఖరగ్‌పూర్‌లో కొంతమందికి చూపు సరిగ్గా లేదు. తెప్పించడానికి వెళ్తున్నాను," అన్నాను.

ఎదుట ఒక డబ్బా మూత తీసిన చప్పుడు. "తినండి డాక్టర్‌బాబూ," అని నా చేతిలో పాలకోవా లాంటి సందేశ్ పెట్టింది. నిజం చెప్పేద్దామనుకున్నాను. సందేశ్ మరీ బాగుంది, రెండోది తిన్నాక చెబుదామనుకున్నాను. ఈలోగా భద్రక్‌లో దిగిపోయింది.

ఖరిదా: కర్ర చప్పుడు పోల్చిన మనిషి

స్టేషన్‌కి మా పెదనాన్న అప్పలస్వామి వచ్చాడు. మా అమ్మ అక్కగారి భర్త. కుర్రతనంలో బొబ్బిలి నుంచి వచ్చి రైల్వేలో చేరి, బండి చక్రాలు పరీక్షించే ఉద్యోగంలో రిటైరయ్యాడు. నేనింకా పిలవకుండానే దూరం నుంచి అరిచాడు.

"ఒరే సిమ్మాసలం! కర్ర సప్పుడు బట్టి పోల్సినాను. దాని కొస పగిలినాది, మార్పించు!"

వేలితో తడిమాను. నిజమే, సన్నగా చీరుంది. నాలుగు నెలలుగా నా చేతిలో ఉన్న కర్ర, నాకే తెలీదు. చెవి విషయంలో నన్ను మించినవాణ్ణి చూడ్డం అదే మొదలు, కొంచెం అసూయ కూడా వేసింది.

బ్యాటరీతో నడిచే ఆటోని అక్కడ టోటో అంటారు. అది చప్పుడు చెయ్యకుండా మీదికొస్తుంది, నాలాంటివాడికి పులితో సమానం. ఖరిదా పేటలో పెదనాన్న ఇంటికి చేరేసరికి సంజె పడింది. ఒకింటి నుంచి శంఖం, ఆ వెనకే ఆడవాళ్ళు నాలుకాడిస్తూ చేసే ఉలులు ధ్వని, పక్కింట్లోంచి తెలుగులో తిట్లు, ఎదురింట్లో ప్రెజర్ కుక్కర్. ఇల్లిల్లూ ఏ భాషదో తలుపు తట్టక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

పెద్దమ్మ ఆవముద్ద వేసి చేప వండింది. మనం పనసపొట్టుకి పెట్టే ఆవే, వాళ్ళు చేపకి పెడతారు.

"యాభయ్యేళ్ళయినాది ఈ ఊరొచ్చి," అంది పెద్దమ్మ. "సేప బెంగాలీ, సేయి మనది. తిను. రేపు ఎవుళ్ళతోనో దెబ్బలాటకి ఎల్తన్నావంట కదా."

ప్రేమ్ బజార్: ఇంజినీర్‌బాబు ఫెయిల్

వస్తున్నానని ముందే ఇంకో మెయిల్ పెడితే, మర్నాడు కాలేజీ పక్కన ప్రేమ్ బజార్‌లో టీ కొట్టు దగ్గర కలుద్దామన్నారు పిల్లలు. మట్టి కప్పులో టీ, పది రూపాయలు. తాగాక కప్పు విసిరి పగలగొట్టొచ్చు. మా ఊళ్ళో కప్పు పగిలితే డబ్బులడుగుతారు, ఇక్కడ పగలగొట్టకపోతే అనుమానంగా చూస్తారు.

ఇద్దరొచ్చారు. శ్రావణి కరీంనగర్ అమ్మాయి. అనిర్బన్ బెంగాలీ కుర్రాడు, చదువులపెట్టెలో ఏ మార్పు చేరాలన్నా ఆఖరి మాట అతనిది.

"మెయిల్ల గట్ల తిట్టింది మీరేనా అన్నా?" అంది శ్రావణి.

"తిట్టలేదమ్మా. మా ఊళ్ళో అది పలకరింపు."

పిల్ల పకపకా నవ్వింది. అనిర్బన్ నవ్వలేదు. చాలా మర్యాదగా హిందీలో చెప్పాడు: మాకు జీతాల్లేవు, క్లాసులయ్యాక చేస్తాం, మీ సమస్య తెలుసు, నెక్స్ట్ వెర్షన్‌లో చేస్తాం. ఎప్పుడొస్తుంది ఆ నెక్స్ట్ వెర్షన్ అంటే, మూడు నాలుగు నెలల్లో అన్నాడు.

నా పరీక్షకి అప్పటికి నాలుగు వారాలే. ఊరికే పెట్టేవాళ్ళని ఏమంటాం? అన్నదానంలో ఉప్పు తక్కువైందని గోల చెయ్యకూడదు. కానీ ఉప్పు తక్కువైతే తినగలను, వీళ్ళు నా విస్తరి గోడ అవతల వేశారు. ఆ మాటే అన్నాను. శ్రావణి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. అతను "సారీ దాదా" అన్నాడు, దాదా అంటే అక్కడ అన్నయ్య. సారీతో సాంఘికశాస్త్రం పాసవదు కదా.

"సరే బాబూ, పందెం," అన్నాను. "నీ ల్యాప్‌టాప్ తెర నల్లగా చేసెయ్. మౌస్ నా సంచీలో వెయ్. తెర చదివే గొంతు పెట్టుకుని మొదటి పాఠం తెరువు. తెరిస్తే నేనీ రోజే బండెక్కుతాను."

అతను తేలిగ్గా ఒప్పుకున్నాడు. తన చేత్తో కట్టిన ఇల్లు కదా. ల్యాప్‌టాప్ "బటన్" అంది. మళ్ళీ "బటన్". చుట్టూ కుర్చీలు జరిగిన చప్పుడు, జనం మూగారు. మెట్ల మీద నుంచి దిగినట్టు బటన్, బటన్, బటన్. నా టీ చల్లారింది. చివరికి కుర్రాడు ఊపిరి బిగబట్టి ఒకటి నొక్కాడు. అది అతన్ని బయటికి గెంటేసింది.

"ఇంజినీర్‌బాబు ఫెయిల్!" అని టీ కొట్టు దాదా కేక పెట్టాడు. ఈలలు.

అనిర్బన్ మెల్లిగా "ఇది నేనే రాశాను," అన్నాడు. "నేనే లోపలికి వెళ్ళలేకపోయాను." శ్రావణి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. రేప్పొద్దున్నకల్లా బటన్లన్నిటికీ పేర్లు పెట్టేద్దాం అన్నాడట.

లొంగిపో

మూడో రోజు పొద్దున్న ఇద్దరూ ఖరిదాలో మా ఇంటికే వచ్చారు, మలంచా రోడ్డులో కొన్న వేడి జిలేబీలతో.

"అయిపోయిందన్నా! ప్రతి బటన్‌కి తెలుగుల పేరు పెట్టినం. తప్పులు పట్టే టూల్ ఉంటది, నూటికి నూరు ఇచ్చింది," అంది శ్రావణి.

గర్వంగా ఫోన్ అందుకున్నాను. మేడమ్ గొంతు సవరించుకుంది.

"వీపు. బటన్."

నేను జరిపాను. "దగ్గర. బటన్."

ఇంకోటి. "లొంగిపో. బటన్."

శ్రావణి "అయ్యో!" అంది. తొందరలో ఇంగ్లీషు పేర్లన్నీ ఒక యంత్రానికిచ్చి తెలుగు చేయించారట. వెనక్కి వెళ్ళే బ్యాక్‌ని వీపు అంది. మూసే క్లోజ్‌ని దగ్గర అంది. జవాబులు పంపే సబ్మిట్‌ని లొంగిపో అంది.

"అంటే నేను పరీక్షంతా రాసి చివర్న లొంగిపోవాలా?" అన్నాను.

వంటింట్లోంచి పెద్దమ్మ. "ఎవుడికిరా లొంగిపోడం? నానున్నాను ఇక్కడ!"

నవ్వీ నవ్వీ నాకు జిలేబీ కొరబోయింది. అనిర్బన్‌కి మాత్రం నవ్వు రాలేదు. "కానీ టూల్ నూరు ఇచ్చింది," అన్నాడు మళ్ళీ. పేరు ఉందా లేదా అన్నదే దానికి కావాలి, ఆ పేరు వీపో విమానమో దానికనవసరం. కుర్రాడు డీలా పడిపోయాడు. ఇది మేం చెయ్యగలిగే పని కాదేమో, వచ్చే ఏడు చూద్దాం అన్నట్టుంది గొంతు. అంతదూరం వచ్చి ఇక్కడే జారిపోతోందనిపించింది. నా జోకులన్నీ ఒక్కసారి అడుగంటాయి.

అప్పుడు లేచాడు మా పెదనాన్న. బీరువా తీసిన చప్పుడు. రిటైరైన రోజు తోటివాళ్ళు కానుకిచ్చిన పొడుగుకాడ సుత్తి తెచ్చాడు. వంటింట్లోకెళ్ళి రెండు కంచు గిన్నెలు తెచ్చి అనిర్బన్ ముందు పెట్టాడు. పెదనాన్నకి బెంగాలీ మన తెలుగంత ధాటిగా వచ్చు, అయినా నా కోసం ప్రతి మాటా తెలుగులోనూ చెప్పాడు.

"కళ్ళు మూసుకో బాబూ. మూసినావా? ఇను."

మొదటి గిన్నె మీద సుత్తి మెల్లిగా తగిలింది. ఠంగ్! ఆ శబ్దం గదిలో తిరిగి తిరిగి చాలాసేపటికి గానీ పోలేదు. రెండోదాని మీద కొట్టాడు. టప్. అక్కడికక్కడే చచ్చింది.

"పరేర్‌టా ఫాటా," అన్నాడు అనిర్బన్. రెండోది పగిలింది అని.

"కళ్ళు తెరిసి ఎతుకు, పగులెక్కడున్నాదో."

ఇద్దరూ కలిసి గిన్నె తిప్పితిప్పి చూశారు. ఎక్కడా కనబడలేదట.

"ఓసారి ఒక బండి చక్రాలకి కొలతలన్నీ సరిపోయినాయి," అన్నాడు పెదనాన్న. "కొత్త రంగు. కాయితం మీద నూటికి నూరు. నాను కొట్టినాను, టప్పుమన్నాది. బండి ఆపించీసినాను. ఆపీసరు తిట్టినాడు, అన్నీ సరిగ్గున్నాయి కదా, ఎందుకు ఆపినావని. ఇప్పి సూత్తే ఎంటికంత పగులు. కొలబద్ద అబద్ధం సెప్పదు బాబూ. అలగని అంతా సెప్పదు. సక్రం పాడాల. పాడిందాకా బండి కదలకూడదు."

"నా గిన్నె పగిలినాదని ఇన్నాళ్ళు సెప్పనేదేటి?" అంది పెద్దమ్మ.

అనిర్బన్ ఈసారి నవ్వాడు. సుత్తి చేతిలోకి తీసుకుని ఠంగ్, టప్, ఠంగ్, టప్ అని కొట్టుకుంటూ కూర్చున్నాడు, మద్దెల దొరికిన పిల్లాడిలా. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచాడు. మధ్యాహ్నం భోజనం దాకా నేను వినడం, తెలుగులో మనుషులు ఎలా అంటారో చెప్పడం, శ్రావణి రాయడం. వీపు పోయి "వెనక్కి" వచ్చింది. దగ్గర పోయి "మూసెయ్యి" వచ్చింది. లొంగిపో దగ్గర ఆగాం. సమర్పించు అందామంది శ్రావణి. గుళ్ళో కొబ్బరికాయ లాగా ఉందన్నాను. "జవాబులు పంపు" అని పెట్టాం.

ఏడుగురూ, ఒక మాటా

ఇవాళ బాగుచేశారు సరే. రేపు మళ్ళీ కొత్త రంగులేస్తే? నాలుగో రోజు పని చేసేవాళ్ళందర్నీ కూర్చోబెట్టమన్నాను. ఆరుగురు కాలేజీలో ఒక గదిలో, ఒకడు వేరే ఊరి నుంచి ఫోన్లో. ఆ ఫోన్ కుర్రాడే అడిగాడు, అడగాల్సిన మాటే అడిగాడు: "మీలాంటివాళ్ళు మా సైటు వాడేది ఎందరు? చాలా తక్కువ కదా. ప్రతి మార్పుకీ ఇంత శ్రమా?"

"బాబూ," అన్నాను, "బస్సు ఆగని ఊళ్ళో నిలబడి, ఈ ఊళ్ళో బస్సెక్కేవాళ్ళే లేరని రాసుకున్నట్టుంది. ముందు ఆపి చూడు. ఎంతమంది పరిగెత్తుకొస్తారో."

శ్రావణి అనువదించింది. ఫోన్లోంచి "ఠీక్ హై" అని వచ్చింది.

అప్పుడు అనిర్బన్ నియమం రాసి పైకి చదివాడు. తెర ఆర్పి, మౌస్ పక్కన పెట్టి, ఒక మనిషి చెవితో విని "ఠంగ్" అని రాస్తేనే ఏ మార్పయినా లోపలికి. టప్పుమంటే వెనక్కి. టూల్ నూరిచ్చినా సరే. ఫిర్యాదు పేజీలో ట్రాఫిక్ లైట్లు ఆ రోజే తీసేశారు.

"ఇప్పుడు దీన్ని కమిట్ చేస్తున్నమన్నా," అంది శ్రావణి. "మా దగ్గర రాసిన మార్పు సైట్ల ఎక్కించుడుని కమిట్ అంటరు."

"మా ఊళ్ళో కమిటవడమంటే మాటిచ్చి ఇరుక్కోవడం తల్లీ."

"ఇది గూడ గంతే."

ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు పేరు చెప్పి సరేనన్నారు. చివర్న నా చేతికి ఫోనిచ్చారు. సాంఘికశాస్త్రం నమూనా పరీక్ష తెరిచాను. ప్రశ్న, నాలుగు జవాబులు, ముందుకి, వెనక్కి, మేడమ్ ఎక్కడా తడబడలేదు. చివరి ప్రశ్న అయింది. "జవాబులు పంపు. బటన్," అంది. నొక్కాను. "యాభైకి ముప్పై ఎనిమిది."

గదంతా చప్పట్లు. నేను పన్నెండు తప్పులు చేశాను, వాటికీ కలిపే కొట్టారు. నాకూ ఆ పన్నెండే ఎక్కువ ముద్దొచ్చాయి. అవి బటన్ చేసిన తప్పులు కావు, నేను సొంతంగా చేసినవి. ఇది రాసేనాటికి నా పరీక్షలు అన్నీ అయ్యాయి, లెక్కలు తప్ప. లెక్కలు ఎల్లుండి. తప్పితే తప్పు నాదే. అందుకోసమే అంతదూరం వెళ్ళొచ్చాను.

తిరుగు బండి

పెద్దమ్మ పులిహోర కట్టిచ్చింది. పెదనాన్న నా కర్రకి కొత్త కొస వేయించి, ప్లాట్‌ఫారం మీద తనే రెండుసార్లు కొట్టి విని, "ఊఁ, పాడతన్నాది. ఎల్లు," అన్నాడు.

బండి కదిలాక చదువులపెట్టె తెరిచాను. కొత్త మార్పు వచ్చేసింది. అట్టడుగున పనిచేసినవాళ్ళ పేర్లుంటాయి. మేడమ్ వరసగా చదివింది. రాసినవారు: అనిర్బన్, శ్రావణి, ఇంకో అయిదుగురు. ఆ తర్వాత ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఆగి, "పరీక్షకులు: సింహాచలం," అంది.

వెనక్కి జరిపి మళ్ళీ చదివించాను. మూడుసార్లు. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయకుండా లేచొచ్చినవాణ్ణి, నన్ను ఏకంగా పరీక్షకుణ్ణి చేసేశారు.

ఎదురు సీట్లో ఎవరో పెద్దాయన. కర్ర చూశాడు కాబోలు, గొంతులో జాలి. "ఖరగ్‌పూర్‌లో ఎక్కారు కదా, కంటి ఆపరేషన్ అయిందా బాబూ?"

"అయిందండి," అన్నాను, పులిహోర పొట్లం విప్పుతూ. "ఏడుగురికి చేశాను. అందరికీ చూపొచ్చింది."